"ఓ నలుగురైదుగురు వచ్చి పోతారండి": సంక్రాంతి అద్దె ఇంట్లో అదనపు మనుషుల కేస్ స్టడీ

ఈ కేస్ 2025 జనవరి 12 నుంచి 16 దాకా, నాలుగు రాత్రులది. బుకింగ్ ఎనిమిదిమందికి. ఆ రోజుల్లో మా ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళు, మా తోటమాలి వేళ్ళు మడిచి చెప్పిన లెక్క ప్రకారం, తొంభైకి తక్కువ కాదు. మోటారు కాలింది, సెప్టిక్ ట్యాంకు పొంగింది, పక్కింటాయన ట్రాక్టరు రెండు గంటలు కదల్లేదు. అయినా ఆ కుటుంబం మీద నాకు కోపం లేదు. తప్పు మొదటి ఫోన్‌కాల్‌లోనే, నా నోటితోనే జరిగింది. సెలవులకి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు మన జిల్లాల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి ఏం అడిగారు, నేనేం చెప్పాను, ఏమైంది అన్నది వరసగా రాస్తున్నాను.

ఇల్లు ఎంత మోస్తుంది

రాజోలుకి ఆరు కిలోమీటర్లలో, పంటకాలువ గట్టు పక్కన, మా మావగారి తాతగారు కట్టించిన మండువా లోగిలి. బాగుచేయించి 2022 నుంచి రోజుల లెక్కన ఇస్తున్నాను. నేనుండేది రాజోల్లో. ఇంటి దగ్గర తోట చూసుకునే ఆయన, వంట చేసే ఆవిడ ఉంటారు. ఇద్దరూ భార్యాభర్తలే.

నాలుగు గదులు, పదిమందికి పడకలు. మూడు గదులకి లోపలే బాత్రూంలున్నాయి, నాలుగోది పెరట్లో. పెంకుటిల్లు కాబట్టి ట్యాంకులు పైన పెట్టే వీలు లేదు. బాత్రూంల శ్లాబు మీద వెయ్యి లీటర్లవి రెండు పెట్టాం. ఇంజనీర్లు పట్నాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లని లెక్క వేస్తారు. ఆ లెక్కన పదిమందికి 1,350. రోజుకోసారి మోటారు వేస్తే ఢోకా లేదు.

అసలు చిక్కు నీళ్ళు రావడంలో కాదు, పోవడంలో. కోనసీమలో గునపం దింపితే నీరు తగులుతుంది. జనవరిలో దాళ్వాకి, అంటే రెండో పంటకి, కాలువలు నిండుగా వదులుతారు. అప్పుడు సెప్టిక్ ట్యాంకు పక్కనున్న ఇంకుడు గుంత ఇక ఇంకనంటుంది. మంచాలు, కుర్చీలు ఎన్నయినా తెచ్చి వేయొచ్చు. భూమి తాగనన్న నీటిని మాత్రం ఎక్కడికీ పంపలేం. ఎయిర్‌బీఎన్‌బీ అనే అద్దె ఇళ్ళ యాప్‌లో పెట్టిన మా ఇంటి ప్రకటనలో, అంటే లిస్టింగులో, "గరిష్ఠంగా 10 మంది" అని నేను రాసింది ఈ గుంతని చూసి. చదివేవాళ్ళు మాత్రం దాన్ని మంచాల లెక్క అనుకుంటారు. "రాత్రి పడుకునేది ఎనిమిదిమందిమే కదండీ" అంటారు. వాళ్ళ వైపు నుంచి అది నిజమే.

బుకింగ్‌లో నేను చదవని మాట

నవంబరులో యాప్ ద్వారా వచ్చిన బుకింగ్ అది. డాలస్‌లో ఉండే దంపతులు, వాళ్ళ ఏడేళ్ళ కూతురు, మూడేళ్ళ కొడుకు, భర్త తల్లిదండ్రులు, హైదరాబాదు నుంచి అతని చెల్లెలూ ఆమె భర్తా. చెల్లెలి పెళ్ళయి ఏడాది కాలేదు. అంటే కొత్త అల్లుడికి తొలి పండగ. పిల్లలకి పల్లెటూరి సంక్రాంతి చూపించాలని ఉంది అని సందేశం. ఆ కింద ఇంకో ముక్క ఉంది: "నాన్నగారిది అక్కడికి దగ్గరే."

ఆ చివరి ముక్కని నేను పలకరింపుగా చదివాను. ఈ కేసంతా దాని చుట్టూనే తిరిగింది. నాన్నగారి ఊరు అయిదు కిలోమీటర్ల దూరం. అక్కడి ఇల్లు ఎనిమిదేళ్ళ కిందట అమ్మేశారు. అమ్మిన ఇంట్లో పండగ చేసుకోలేక, ఆ ఊరికి దగ్గరగా నాలుగు రోజులకి ఒక ఇల్లు కొనుక్కున్నట్టే మా ఇల్లు తీసుకున్నారు. పర్యాటకులని నేననుకున్నాను. వాళ్ళు సొంతూరికి వచ్చినవాళ్ళు. పర్యాటకుల్ని చూడ్డానికి ఎవరూ రారు. సొంతూరికి వచ్చినవాళ్ళని చూడ్డానికి రానివాడుండడు.

భోగి: నలుగురైదుగురు

13వ తేదీ పొద్దున్న ఏడున్నరకి డాలస్ అబ్బాయి ఫోన్ చేశాడు.

"ఆంటీ, మా పెద్దమ్మా వాళ్ళు ఓ నలుగురైదుగురు కాసేపు చూసి పోతామంటున్నారు. పర్వాలేదా?"

"దానికేం భాగ్యమండీ, రానివ్వండి."

ఇంతే మా సంభాషణ. పండగపూట, భోగిమంట ఆరకముందు, పెద్దమ్మ వస్తానంటే వద్దనే నోరు గోదావరి జిల్లాల్లో ఎవరికుంది? కానీ ఎప్పుడొస్తారు, భోంచేస్తారా, పిల్లలెంతమంది, ఎందులో వస్తారు అని అడగడానికి మాత్రం నోరుండాల్సింది. అడిగితే లెక్కగడుతున్నట్టుంటుందని ఊరుకున్నాను. మొహమాటం నా వైపు. అవతల ఆ అబ్బాయికి కూడా ఎంతమంది వస్తారో తెలియదు. "నలుగురైదుగురు" అన్నది అంకె కాదు, మర్యాద. తెలియనప్పుడు అనే మాట.

మధ్యాహ్నానికి పందొమ్మిదిమందయ్యారు. అందులో పన్నెండుమంది భోజనానికి ఉండిపోయారు. మా వంటావిడ ఎనిమిదిమందికి ఎసరు పెట్టి, పదిన్నరకి ఒకసారి, పదకొండుంబావుకి ఒకసారి ఎసరు పెంచింది. సాయంత్రం మూడేళ్ళ బాబుకి భోగిపళ్ళు పోయాలి. అది పేరంటం. రేగిపళ్ళు, చెరుకుముక్కలు, చిల్లరడబ్బులు, బంతిరేకలు. దిగదుడిచి పొయ్యడానికి పిలిచిన ముత్తయిదువలు, వాళ్ళ పిల్లలు, వాళ్ళని తీసుకొచ్చిన మగవాళ్ళు కలిపి ముప్పైకి పైన. పేరంటం మాట నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని వాళ్ళకి తోచనే లేదు. సొంతింట్లో భోగిపళ్ళకి ఎవరైనా అనుమతి అడుగుతారా?

అయిదున్నరకి పక్కింటాయన ఫోన్.

"ఏవండీ, మీ ఇంటికొచ్చిన కార్లు గట్టు మీద అడ్డంగా పెట్టేశారండి. ట్రాక్టరు నిండా కొబ్బరికాయలున్నాయండి. రోడ్డు మీద లారీ వెయిటింగులో ఉందండి."

మా గట్టు మీద ఒక బండి పోతే ఇంకోటి పక్కకి తప్పుకోవాలి. నేను వెళ్ళేసరికి ఆరు. ఏ కారు ఎవరిదో కనుక్కుని తీయించేసరికి ఏడున్నర.

ఆ మధ్యలోనే, ఆరూ నలభై ప్రాంతంలో ట్యాంకులు ఖాళీ అయ్యాయి. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు రాకపోయేసరికి ఎవరో మంచిమనసుతో మోటారు స్విచ్ వేశారు. పండగ సాయంత్రం, ఊరంతా దీపాలు, సీరియల్ బల్బులు. వోల్టేజీ పడిపోయి ఉంది. వోల్టేజీ తక్కువైనప్పుడు మోటారు కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. గంటసేపు మూలుగుతూ తిరిగి కాలిపోయింది. ఆ వాసనని భోగిమంట వాసనే అనుకున్నారట. రాత్రికి పెరటి బాత్రూం పొంగింది.

ఎవరి ట్రాక్టరైతే రెండు గంటలు ఆగిపోయిందో, ఎనిమిదింటికి ఆయన గోడ దగ్గరికే వెళ్ళి నీళ్ళడిగాను. "దానికేవుందండి" అని పైపు వేశాడు. లారీ మాట ఎత్తలేదు. ఆ రాత్రి నాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఆ మర్యాదే.

పెద్దమ్మ

అందరూ వెళ్ళాక ఇద్దరు మిగిలారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మ, ఆవిడ మనవరాలు. "ఈ రాత్రికిక్కడే ఉంటారాంటీ" అన్నాడు అబ్బాయి. ఈసారి తలెత్తి నా వైపు చూడలేకపోయాడు.

దీనికి ఒప్పుకోవడం తేలిక. ఎనిమిదీ రెండూ పది. ఇంటి తాహతులోనే ఉంది. అయితే రాత్రి ఉండేవాళ్ళ సంగతి వేరు. రిజిస్టరులో పేరు, గుర్తింపు కార్డు నకలు ఉండి తీరాలి. పెద్దమ్మ ఆధార్ చీరకొంగున ముడేసుకున్న కవర్లోనే ఉంది. మనవరాలిని అడిగితే, పుట్టింది పెరిగింది మెల్‌బోర్న్‌లో, పాస్‌పోర్టు ఆస్ట్రేలియాది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు రాత్రి బస చేస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి వివరాలు పంపాలి, అప్పట్లో ఆ పత్రం పేరు ఫారం సి. హోటలైనా, మా లాంటి ఇల్లయినా బాధ్యత బస ఇచ్చినవాళ్ళదే. డాలస్ కుటుంబానివి మొదటిరోజే పంపాను. ఈ అమ్మాయిది రాత్రి పదిన్నరకి, ఫోన్ వెలుతుర్లో పాస్‌పోర్టు ఫొటో తీసి నింపాను. "ఉంటారు" అన్న మాటని తేలిగ్గా తీసుకుంటే ఇలాంటిచోట కాలు జారుతుంది. చుట్టమే కదా అని వదిలేస్తే, రేపు అడిగేది చుట్టాన్ని కాదు, నన్ను.

నేను ఫారం నింపుతుంటే పెద్దమ్మ నన్ను పరీక్షగా చూసి, "మీ ఇంటిపేరేంటమ్మా?" అంది. చెప్పాను. మా అత్తగారి పుట్టిల్లు, వాళ్ళ మేనత్త, ఆవిడ తోడికోడలు అంటూ మూడు మలుపులు తిప్పి, నన్ను వరసకి కోడల్ని చేసేసింది. అప్పటిదాకా "ఇల్లుగలావిడ"ని. ఇక కోడల్ని. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకి ఇంతకంటే ప్రమాదకరమైన పదోన్నతి లేదు.

నీళ్ళకి లెక్క

సంక్రాంతి పొద్దున్న, రాజోలు మా ఇంటి మోటారు విప్పించి తెచ్చి ఇక్కడ బిగిస్తున్నాం. మాకు నీరు పైనే కాబట్టి బావిలోకి దించే మోటారు అక్కర్లేదు, పైనే బిగించే చిన్న మోనోబ్లాక్ చాలు. పండక్కి రానన్న సెప్టిక్ ట్యాంకరతన్ని బతిమాలి రప్పించాం. ఆ పని జరుగుతుండగానే అబ్బాయి వచ్చి, ముందు క్షమాపణ చెప్పుకుని, తర్వాత అసలు మాట అన్నాడు. కనుమకి చుట్టాలందరికీ భోజనం పెట్టాలి. నలభైమంది. "మా ఇల్లు అమ్మేశాం కదా ఆంటీ. నాన్నకి అదో వెలితి."

ఆ ఇంటి సంగతి నాకు అప్పుడు తెలిసింది. నవంబరులోనే తెలిసుంటే భోగినాటి గొడవే ఉండేది కాదు.

ఒప్పుకున్నాను, షరతులతో. భోజనాలు ఇంట్లో కాదు, పెరట్లో షామియానా కింద. వంట బయటి వంటవాళ్ళది. మా వంటావిడ ఎనిమిదిమందికైతే వండగలదు గానీ నలభైకి కాదు. అరిటాకులు, కాబట్టి కంచాలు కడిగే నీళ్ళు మిగులుతాయి. వాడకానికి ఒక ట్యాంకరు నీళ్ళు, తాగడానికి టిన్నులు. వచ్చినవాళ్ళకి పెరటి బాత్రూం ఒక్కటే. లోపలివి ఇంట్లో ఉన్న పదిమందికి. బండ్లన్నీ గుడి పక్క ఖాళీ స్థలంలో. గట్టు మీద ఒక్కటి కూడా వద్దు. కాలువ రేవు గేటుకి తాళం, అక్కడొక మనిషి కాపలా. నిండుకాలువ, పదిహేనుమంది పిల్లలు. మిగతావాటిలో దేని మీదైనా రాజీ పడేదాన్నేమో గానీ రేవు మీద పడను. సాయంత్రం అయిదుకల్లా షామియానా విప్పాలి.

అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్న అబ్బాయి తండ్రి అప్పుడు నోరు విప్పారు. "ఇంటికి చుట్టాలొస్తే మనిషికింతని లెక్క గడతారామ్మా?"

ఆయన గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగారు. "మనుషులకి కాదు బాబాయ్‌గారూ, నీళ్ళకి" అన్నాను. కాలిన మోటారు పక్కనే పడుంది. ఆయన దాన్ని కాసేపు చూసి, మా ఇంట్లోనూ 77 తుఫానప్పుడు ఇలాగే నీళ్ళ కోసం అవస్థ పడ్డామని ఏదో మొదలుపెట్టి, ఊరుకున్నారు. తర్వాత కొడుకుతో "ఆవిడ చెప్పినట్టే చెయ్యరా" అన్నారు.

డబ్బు సంగతి. షామియానా, కుర్చీలు, ట్యాంకరు, వంటవాళ్ళు వాళ్ళే నేరుగా కుదుర్చుకుని ఇచ్చుకున్నారు. నేను తీసుకున్నది శుభ్రతకీ, ఇంకోసారి సెప్టిక్ తీయించడానికీ కలిపి 6,000. చేతికిస్తానన్నాడు. వద్దని, యాప్‌లోనే అదనపు సొమ్ము కోసం అభ్యర్థన పంపి తీసుకున్నాను. యాప్ బుకింగుకి డబ్బు బయట తీసుకోవడం నిబంధనకి విరుద్ధం. అదొక్కటే కాదు. రేపు ఏదైనా విరిగినా పగిలినా, వాళ్ళూ నేనూ ఏం ఒప్పుకున్నామో రాతలో ఉండేది అక్కడే. మాట మీద నడిచింది భోగినాడు చూశాం కదా.

కొత్త అల్లుడి స్నేహితులు

అదేరోజు రాత్రి తొమ్మిదింబావుకి ఫోన్. ఈసారి అబ్బాయి కాదు, కొత్త అల్లుడు. భీమవరం వైపు కోడిపందేలు చూసి, ఆరుగురు స్నేహితులు రెండు కార్లలో వస్తున్నారు, తోటలో కాసేపు కూర్చుని వెళ్ళిపోతారు. "కాసేపు కూర్చోవడం" అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. నేను "ఇంట్లోవాళ్ళని కనుక్కుని చెప్తానండి" అన్నాను. తప్పించుకునే మాటే. పెద్దమ్మ లెక్కన ఆయన నాకూ అల్లుడి వరసే అవుతాడు, తొలి పండగాయె.

రెండు నిమిషాలకి ఆ ఇంటి కోడలి ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆంటీ, వాళ్ళొస్తే పిల్లలు పడుకోలేరు, మావగారికీ ఇష్టం లేదు. కానీ మా ఇంట్లో ఎవరమూ ఆయన్ని కాదనలేం. మీరు ఒప్పుకోలేదని చెప్పనా?"

"నా మీద పెట్టెయ్యమ్మా" అన్నాను.

ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ ఫోన్‌లో ఉంది. అప్పటిదాకా నేను "వద్దు" అంటే అతిథులు నొచ్చుకుంటారనే భయంతో ఉన్నాను. అతిథులేమో, నేను "వద్దు" అంటే బాగుండునని ఎదురుచూస్తున్నారు. బంధువుల ముందు కాదనలేనివాళ్ళకి, కాదనడానికి ఒక బయటి మనిషి కావాలి. ఆ బయటి మనిషిని నేనే. భోగినాడు కూడా అంతే. తర్వాత అడిగితే ఆ కోడలే చెప్పింది: పన్నెండుమంది భోజనానికి ఉండిపోయినప్పుడు, "ఇల్లుగలావిడ ఏమంటుందో" అని అత్తగారు రెండుసార్లు అన్నారట. ఆ మాటకి బలం ఇవ్వాల్సిన నేను పొద్దున్నే "దానికేం భాగ్యం" అనేశాను.

అల్లుడికి నేనే ఫోన్ చేశాను. రాత్రి పూట ఇంట్లో ఉన్నవాళ్ళు తప్ప బయటివాళ్ళని రానివ్వం, ఇది పండగకి పెట్టింది కాదు, ఎప్పుడూ ఉన్నదే అన్నాను. రాత్రి పది దాటాక మైకూ స్పీకరూ పెట్టకూడదన్నది దేశమంతటా ఉన్న రూలే. గట్టు మీద ఇంకో రెండు కార్లు పెడితే పొద్దున్న మా పక్కింటాయనకి నా మొహం చూపించలేను. చివర్న ఒకటి కలిపాను: "రేపు పొద్దున్న టిఫినుకి రమ్మనండి, గారెలూ నాటుకోడి పులుసూ పెట్టిస్తాను." వట్టి కాదనడం కంటే, కాదని ఇంకో దారి చూపిస్తే అవతలి మనిషి తన స్నేహితులకి చెప్పుకోడానికి ఓ మాటుంటుంది. పొద్దున్న ఆరుగురిలో ఇద్దరే వచ్చారు. మిగతా నలుగురూ ఎక్కడో లేవలేదు.

అల్లుడు అలిగాడు. తొలి పండక్కి అల్లుడు అలగడం ఆచారమే గానీ, అత్తవారి మీద కాకుండా ఇల్లుగలావిడ మీద అలగడం మా దగ్గరే మొదలనుకుంటాను. స్కూటరు కొనివ్వక్కర్లేని అలక కాబట్టి అత్తవారికి లాభమే.

కనుమ భోజనాలు అనుకున్నట్టే జరిగాయి. దాని గురించి రాయడానికేం లేదు. నలభై అన్నది నలభై ఆరయింది. అయిదింటికి విప్పాల్సిన షామియానా ఆరింటికి విప్పారు. కొందరు మధ్యలో జగ్గన్నతోటలో కనుమనాడు జరిగే జాతరకి, ప్రభల తీర్థానికి, వెళ్ళొచ్చారు కాబట్టి ఒకేసారి అందరూ లేరు, అదీ కలిసొచ్చింది. నీళ్ళు మిగిలాయి. పెద్దమ్మ మాత్రం ఆ రాత్రి కూడా ఉండిపోయింది. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, నేనెలా కదుల్తానే అంది.

ఖర్చు ఎవరి నెత్తిన

మోటారు రీవైండింగుకి 4,200, మొదటిసారి సెప్టిక్ ట్యాంకరుకి 3,500. ఈ రెండూ నేనే పెట్టుకున్నాను. పేరంటం సంగతి ముందే చెప్పకపోవడం వాళ్ళ తప్పే, అడగొచ్చు అని మావారన్నారు. యాప్‌లో నష్టపరిహారం అడగడానికి ఖాళీచేసిన రోజు నుంచి రెండు వారాల గడువుంది, రూలు ప్రకారం దారీ ఉంది. కానీ నేను రాతలో కాకపోయినా నోటితో ఒప్పుకున్నాను. ఎంతమంది అని అడగనిది నేను. అడిగి, పదిమందన్నారు, ముప్పైమందొచ్చారు అంటే కథ వేరు. అప్పుడు నిస్సంకోచంగా అడిగేదాన్ని, ఇక ముందు అడుగుతాను కూడా. తేడా ఎక్కడ గీయాలో తెలియని కొత్తవాళ్ళకి ఇదే చెప్తాను: మీరు ప్రశ్న వేశారా లేదా ముందు చూసుకోండి.

నా అనుభవం విని, ఇంట్లో కెమెరా పెట్టి తలలు లెక్కపెట్టమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆ పని చెయ్యకండి. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలని ప్రపంచమంతటా నిషేధించింది. బయట పెట్టినా లిస్టింగులో ముందే చెప్పాలి. యాప్ సంగతలా ఉంచితే, మండువాలో పిల్లాడికి భోగిపళ్ళు పోస్తుంటే పైనుంచి నేను చూస్తూ కూర్చోవడం ఏం మర్యాద? నాకు గేటు దగ్గరొకటుంది, బోర్డు పెట్టి చెప్పాను. అది కార్ల కోసం.

ఆ తర్వాత మార్చినవి

"10 మంది" అన్న ఒక్క అంకె పనిచేయలేదు కాబట్టి, మనుషుల్ని ఇల్లు మోసే బరువుని బట్టి మూడుగా విడదీశాను: చూసి పోయేవాళ్ళు, తిని పోయేవాళ్ళు, పడుకునేవాళ్ళు. చూసి పోయేవాళ్ళు పగటిపూట ఒకసారికి పదిమంది దాకా ఎవరినీ అడగక్కర్లేదు, డబ్బు లేదు. తిని పోయేవాళ్ళుంటే ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలి. పది దాటితే కనుమ ఏర్పాట్లే. పడుకునేవాళ్ళు పదికి మించరు, ప్రతివాళ్ళ గుర్తింపు కార్డూ చూస్తాను. రాత్రి తొమ్మిది తర్వాత కొత్తవాళ్ళు గేటు దాటరు, అల్లుళ్ళతో సహా.

బుకింగ్ రాగానే ఇప్పుడు పంపే సందేశం ఇది, ఉన్నదున్నట్టు:

"నమస్కారమండి. మా ఇల్లు తీసుకున్నందుకు సంతోషం. మీవాళ్ళెవరైనా ఈ చుట్టుపక్కల ఉన్నారా? మిమ్మల్ని చూడ్డానికి వస్తారా? పేరంటం, పుట్టినరోజు, భోజనాలు లాంటివి ఏమైనా అనుకుంటున్నారా? ముందే చెప్తే నీళ్ళకీ, బండ్లకీ, వంటకీ ఏర్పాటు చేసిపెడతాను. వచ్చాక ఎవరికైనా కాదని చెప్పాల్సొచ్చి మీకు ఇబ్బందిగా ఉంటే, నా పేరు చెప్పండి. నేను మాట్లాడతాను."

చివరి రెండు వాక్యాలూ కోడలి ఫోన్ తర్వాత చేర్చినవి. ఈ సందేశానికి వచ్చే జవాబులన్నిటిలోనూ వాటికే స్పందన ఎక్కువ. ఒకావిడ "బతికించారండి" అని రాసింది, ఇంకా ఇంట్లో దిగకముందే.

ఇంకొకటి. సంక్రాంతి బుకింగు కనుమనాడు ఖాళీచేసేలా ఇవ్వను. ముక్కనుమ దాకా కలిపే ఇస్తాను. కాకి కూడా కదలని రోజున పదకొండింటికి గది ఖాళీచెయ్యమంటే ఎవరు వింటారు?

అంతర్వేది

ఈ మూడు వర్గాలూ రాసుకుని, అచ్చం బడి పంతులమ్మలా తృప్తిపడి మూడువారాలు కాలేదు. ఫిబ్రవరి 8 భీష్మ ఏకాదశి, అంతర్వేది నరసింహస్వామి రథోత్సవం. కాకినాడ నుంచి ఆరుగురు దిగారు. నా సందేశానికి చక్కగా జవాబిచ్చారు: మావాళ్ళు పన్నెండుమంది వస్తారండి, భోజనం చెయ్యరు, పడుకోరు, కాసేపు ఉండి పోతారు. చూసి పోయేవాళ్ళే కదా, పది దాటి ఇద్దరే కదా అనుకుని సరేనన్నాను.

వాళ్ళు వచ్చింది సాగరసంగమంలో స్నానం చేసి. ఒళ్ళంతా ఇసుక, ఉప్పు, తడిబట్టలు. మంచినీళ్ళు పోసుకుని బట్టలు మార్చుకుని, తడివి జాడించుకుని వెళ్ళారు. రెండు గంటలుండి, ఇద్దరు మనుషులు మూడు రోజులు వాడే నీళ్ళు వాడారు. సముద్రపు ఇసుక పెరటి బాత్రూం గొట్టంలో చేరింది, దాన్ని తీయడానికి మా తోటమాలికి ఒక పూట పట్టింది. వాళ్ళు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నా పట్టికలోనే స్నానం చేసి పోయేవాళ్ళు లేరు.

ఇప్పుడున్నారు. పెరట్లో బావి పక్కన రెండు తడికల గదులు కట్టించాను. కింద గులకరాళ్ళు, నీళ్ళు కొబ్బరిచెట్ల బోదెలోకి పోతాయి. రథోత్సవానికి వచ్చేవాళ్ళ కోసమని కట్టించాను గానీ, వేసవి సెలవులకి వచ్చిన పిల్లలు లోపలి బాత్రూంలు వదిలేసి అక్కడే పోసుకుంటున్నారు. మొన్న డాలస్ అబ్బాయి ఫోన్ చేశాడు, మళ్ళీ సంక్రాంతికి ఇల్లు కావాలని. నేను అడగకముందే తనే చదివాడు: పడుకునేది తొమ్మిదిమంది, భోగిపళ్ళకి ముప్పై అయిదు, కనుమకి యాభై. "పెద్దమ్మ?" అన్నాను. "తొమ్మిదిలో ఉంది ఆంటీ" అన్నాడు.